గట్టిగా బిగించకండి

కుళాయి కారుతోందంటే మన ఇళ్ళల్లో జరిగే మొదటి వైద్యం ఇంకాస్త గట్టిగా బిగించడం. ఇంట్లో ఎవరి చెయ్యి బలమైనదో వాళ్ళని పిలుస్తారు. ఆ మనిషి వచ్చి, పళ్ళు కరుచుకుని, ఒక్క తిప్పు తిప్పుతాడు. చుక్క ఆగుతుంది. వీరుడు వెళ్ళి టీవీ ముందు కూర్చుంటాడు. రెండు రోజులు పోయాక మళ్ళీ మొదలు. ఈసారి దానికి తోడు ఇంకో చిక్కు: అలా కట్టేసిన కుళాయిని పిల్లలు తిప్పలేరు, అత్తగారు అసలే తిప్పలేరు. రెండో వైద్యం కింద బకెట్టు పెట్టడం. మూడోది, రాత్రి ఆ చప్పుడుకి నిద్ర పట్టక బకెట్టులో పాత తువ్వాలు పడెయ్యడం. నాలుగోది ప్లంబరుకి ఫోను. "రేపొస్తా మేడం" అంటాడు. ఒకప్పుడు మన ఊళ్ళల్లో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకునేవాళ్ళు చూడండి, ఆ రేపూ ఈ రేపూ ఒకటే.

వీటన్నిటిలో నాకు గిట్టనిది ఆ మొదటిది. మిగతావి పనికిరావు, అంతే. బిగించడం మాత్రం హాని చేస్తుంది.

అసలు నీళ్ళని ఆపడానికి ఎంత బలం కావాలి? లెక్క వేస్తే నవ్వొస్తుంది. పది మీటర్ల ఎత్తున నిలబడ్డ నీళ్ళు అడుగున ప్రతి చదరపు సెంటీమీటరు మీదా దాదాపు ఒక కిలో బరువు మోపుతాయి. అయిదంతస్తుల భవనం మీద ట్యాంకు ఉందనుకుంటే, కింది వాటా కుళాయి దగ్గర అది కిలోన్నర. అరంగుళం కుళాయి లోపల నీళ్ళు పైకొచ్చే రంధ్రం చదరపు సెంటీమీటరు కన్నా ఏ కొంచెమో ఎక్కువ. అంటే మూసిన కుళాయి లోపల జరుగుతున్న యుద్ధమంతా రెండు కిలోల లోపే. దానికి మనకి మర సాయం కూడా ఉంది. మర ఉన్నదే వేళ్ళ బలాన్ని కొన్ని రెట్లు చెయ్యడానికి. కనక ఆరోగ్యంగా ఉన్న కుళాయి రెండు వేళ్ళతో ఆగిపోవాలి. ఆగలేదంటే కొరత మన కండలో లేదు.

(పనిలో పనిగా అపార్ట్‌మెంట్లలో నిత్యం సాగే ఒక వాదం కూడా ఇక్కడే తేలిపోతుంది. ట్యాంకుకి దగ్గరగా ఉన్న పై అంతస్తువాడికి షవరు రాదు, దూరంగా ఉన్న కింది వాడికి కుళాయి ఆగదు. ఇద్దరూ బిల్డర్నే తిడతారు. తిట్టాల్సింది భూమ్యాకర్షణని.)

మరి కొరత ఎక్కడ? పెరట్లో, బట్టలుతికే చోట ఇంకా మిగిలి ఉన్న పాత రకం కుళాయి విప్పి చూస్తే తెలుస్తుంది. తిప్పేకొద్దీ కిందికి దిగే ఒక ఇత్తడి కాడ, అదే స్పిండిల్. దాని కొసన చిన్న రబ్బరు వాషరు. ఆ వాషరు వెళ్ళి ఆనుకునే గుండ్రటి ఇత్తడి అంచు, దాన్ని సీటు అంటారు. ఇంతే యంత్రం. ఇంగ్లండులో రోథర్‌హామ్ అనే ఊళ్ళో గెస్ట్ అండ్ క్రైమ్స్ అనే ఇత్తడి పోతకారులు 1845లో ఇలా మరతో దిగే కుళాయికి పేటెంటు తీసుకుని తయారీ మొదలుపెట్టారు. పైన హ్యాండిళ్ళ సోకులు ఎన్ని మారినా లోపలి ఏర్పాటు మన కాలం దాకా అలాగే వచ్చింది.

నాకు ఈ ఏర్పాటులో నచ్చేది ఒక నిర్ణయం. లోహమూ లోహమూ ఒరుసుకుంటే రెండూ చెడతాయి. చేసినవాళ్ళకి అది తెలుసు. అందుకని రెండింటి మధ్యా మెత్తటిదాన్ని ఒకదాన్ని పెట్టారు. రోజుకి ఎన్నిసార్లు తిప్పినా ఆ అరుగుదలంతా దాని నెత్తినే పడేట్టు చేశారు. వస్తువు చేస్తున్నప్పుడే ఇందులో ఏది ముందు చెడాలి అని కూర్చుని తేల్చుకోవడం, ఆ చెడేదాన్ని అన్నిటికన్నా చవగ్గా, అన్నిటికన్నా సులువుగా మార్చుకునేట్టుగా పెట్టడం. ఇంత మర్యాద ఉన్న వస్తువులు ఇంట్లో ఇంకెన్ని ఉన్నాయో వెతికి చూడండి. నా ఫోనులో లేదు. నా మిక్సీలో కొంత ఉంది.

ఇప్పుడు బిగించేవాళ్ళ సంగతి. వాషరు అరిగింది. ఊడదీసి కొత్తది వెయ్యమంటోంది. మనం దాన్నే ఇంకా నొక్కుతాం. సీటు అంచు రబ్బరులోకి దిగబడి గుండ్రంగా గాడి పడుతుంది. ఇంకా నొక్కుతాం. గాడి తెగి రబ్బరు పెచ్చులూడుతుంది. అప్పటికీ నొక్కుతాం. ఇక ఇత్తడి ఇత్తడికే తగులుతుంది, సందుల్లోంచి సన్నగా చిమ్మే నీళ్ళు సీటు అంచుని కొరికేస్తాయి. ఇప్పుడు కొత్త వాషరు వేసినా ఆగదు, మొత్తం కుళాయే మార్చాలి. కొద్ది రూపాయల్లో పోయేదాన్ని వందల్లోకి తెచ్చింది చుక్క కాదు, మన చెయ్యి.

మా నాన్నకి ఇది ఎవరూ చెప్పకుండానే తెలుసు. ఊళ్ళో మా ఇంటి పెరట్లో ఒకే ఒక్క కుళాయి ఉండేది, ఇత్తడిది. అది కారడం మొదలెట్టగానే ఆయన పాత హవాయి చెప్పులు ఎక్కడున్నాయని అడిగేవాడు. తెగిపోయిన చెప్పు మడమ దగ్గర, పెద్దగా అరగని చోట, పాత వాషరుని ఆనించి బాల్ పెన్నుతో చుట్టూ గీత గీసేవాడు. షేవింగ్ బ్లేడుని సగానికి విరిచి ఆ గీత వెంబడి కోసేవాడు. తర్వాత ఎర్రగా కాల్చిన మేకుతో నడిమధ్య బెజ్జం. కాలిన రబ్బరు వాసన పెరడంతా. అంతకు ముందు తరంలో తోలు వాషర్లు వాడేవారట. చేతి పంపుల్లో తోలు వాషర్లు నేనూ చూశాను, ఎండిపోతే నీళ్ళు పోసి నానబెడితే గాని పంపు అందుకునేది కాదు. చెప్పు వాషరు కొన్న వాషరంత నాజూగ్గా ఉండేది కాదు గాని, ఆ కుళాయిని అమ్మ వేళ్ళ కొసలతో కట్టేసేది.

నాకు హైదరాబాదులో పట్టుకున్నది వంటింటి సింకు కుళాయి. మనిషి రోజంతా నిలబడే చోట కారే కుళాయికి ఒక ప్రత్యేకత ఉంది. అది అందరికీ వినబడదు. ఇంట్లో మిగతావాళ్ళు నీళ్ళు తాగడానికి వచ్చి పోతారు. అక్కడే గంటలు గడిపే మనిషికి మాత్రం పప్పు ఉడికే చప్పుడు వెనక, ఫ్యాను చప్పుడు వెనక, ఎప్పుడూ అదొకటి నడుస్తూ ఉంటుంది. అంటే రోగం తెలిసేది ఒకరికి, పానా ఉండేది ఇంకొకరి చేతిలో. కారే కుళాయిలు నెలల తరబడి కారడానికి ఇది చిన్న కారణమేం కాదని నా అనుమానం.

ముందు నీళ్ళు కట్టెయ్యాలి. ఈ మాట తేలిక. ఎక్కడ కట్టెయ్యాలో తెలియడం తేలిక కాదు. సింకు కింద యాంగిల్ వాల్వు ఉంటే అదృష్టం. గోడలోంచి వచ్చే కుళాయికి అదీ ఉండదు, డాబా మీదికి వెళ్ళాలి. అక్కడ ట్యాంకుల కింద అరడజను గేటు వాల్వులు వరసగా ఉంటాయి, ఏది ఎవరి వాటాదో రాసి ఉండదు. ఒకటి కట్టి కిందికొచ్చి చూడటం, పక్కింటివాళ్ళ స్నానం ఆగిపోయిందని కేక వినబడితే మళ్ళీ పైకి పరుగు. నేను చేసిన మొదటి మంచి పని వాషరు మార్చడం కాదు, ఆ వాల్వుల మీద పెయింటుతో ఫ్లాట్ల నంబర్లు రాయడం. లక్షలు పోసి ఇల్లు కొనుక్కున్నవాళ్ళు రిజిస్ట్రేషను కాగితాలు ఏ బీరువాలో ఏ అరలో ఉన్నాయో కళ్ళు మూసుకుని చెబుతారు. నీళ్ళు ఎక్కడ ఆగుతాయో అడగండి.

కట్టాక కుళాయి తిప్పి పైపులో మిగిలినవి పోనివ్వాలి. సింకు జాలీ మీద గుడ్డ పరవాలి, కింద పడే చిన్న స్క్రూ నేరుగా మోరీలోకే పోతుంది. హ్యాండిల్ నెత్తిన ఎర్రదో నీలందో చిన్న బొత్తాముంటుంది. దాన్ని గోరుతో లేపితే స్క్రూ కనిపిస్తుంది. స్క్రూ తీస్తే హ్యాండిల్ రావాలి. మా ఊరి బోరు నీళ్ళకి రాదు. మనం ఉప్పు అంటాం గాని, ఆ తెల్లగా పేరుకునేది చాలావరకు సున్నమే, కాల్షియం కార్బొనేట్. బలంతో గుంజితే హ్యాండిల్ విరుగుతుంది. నిమ్మ ఉప్పు గోరువెచ్చటి నీళ్ళలో కలిపి, ఆ నీళ్ళలో గుడ్డ తడిపి హ్యాండిల్ మొదట్లో చుట్టి వదిలేస్తే సన్నగా బుడగలొచ్చి సున్నం కరుగుతుంది. టీ తాగి వచ్చి మెల్లిగా అటూ ఇటూ కదిపితే ఊడి చేతిలోకొస్తుంది.

దాని కింద స్పిండిలు, ఆరు పలకల నట్టుతో. ఇక్కడ ఒక చెయ్యి పానా మీద, ఇంకో చెయ్యి కుళాయి ఒంటి మీద ఉండాలి. ఒంటిని పట్టుకోకుండా పానాని తిప్పారా, తిరిగేది స్పిండిలు కాదు, మొత్తం కుళాయి. దాంతోపాటు గోడలో ఉన్న ఎల్బో. పాత ఇళ్ళలో జి.ఐ. పైపులు కొంత ఓర్చుకునేవి. ఇప్పటి సి.పి.వి.సి. పైపు ప్లాస్టిక్, అది ఓర్చుకోదు, లోపల చిట్లుతుంది. అప్పుడు చుక్క ఆగిపోయి గోడ ఉబ్బడం మొదలవుతుంది. రెండు చేతులూ ఎదురెదురుగా పనిచెయ్యాలి, సగం బలం తిప్పడానికి, సగం తిరగనివ్వకుండా ఉండటానికి. చేతికి అలవాటు పడాల్సిన విద్య ఈ మొత్తంలో ఇదొక్కటే. నట్టు మొదట కిర్రుమంటుంది. తర్వాత ఒక చోట తేలిక అవుతుంది. ఆ తేలిక అవడం మణికట్టుకి భలేగా తెలుస్తుంది.

బయటికొచ్చిన దాన్ని తీసుకుని హార్డ్‌వేర్ కొట్టుకి వెళ్ళాను. కౌంటరు దగ్గర పెయింటు డబ్బాలు కలిపే కుర్రాడు దాన్ని చూసి, నన్ను చూసి, "సార్‌ను పంపియ్యి అక్కా, ఇండ్ల శానా రకాలుంటయ్" అన్నాడు.

"సార్‌కి తెలీదు బాబూ. పళ్ళు లెక్కపెట్టి ఇవ్వు."

కుర్రాడి మొహం మారింది. స్పిండిలు నెత్తిన హ్యాండిల్ కూర్చునే చోట సన్నటి పళ్ళుంటాయి, కంపెనీకో లెక్క. కొలత అంతా సరిపోయినా పళ్ళు కలవకపోతే హ్యాండిల్ ఎక్కదు. పాతదాన్ని కొట్టుకి పట్టుకుపోవాలనేది అందుకే. అతను వెనక నుంచి ఒక బిస్కెట్ డబ్బా తెచ్చి కౌంటరు మీద బోర్లించాడు. ఇత్తడివి, తెల్లవి, పొడుగువి, పొట్టివి. ఒక్కొక్కటీ తీసి నాదాని పక్కన నిలబెట్టి చూస్తూ, "ఇది రబ్బరుది కాదక్కా, సిరామిక్‌ది. సగం తిప్పు నల్లా" అన్నాడు.

సగం తిప్పు కూడా కాదు, పావు తిప్పే. ఈ రకంలో వాషరు ఉండదు. రెండు పింగాణీ లాంటి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి అతుక్కున్నట్టు కూర్చుంటాయి. తిప్పినప్పుడు వాటి బెజ్జాలు ఎదురుపడితే నీళ్ళొస్తాయి, పక్కకి జరిగితే ఆగుతాయి. ఇవి అల్యూమినా బిళ్ళలు. మొహ్స్ కొలతలో వజ్రం 10 అయితే అల్యూమినా 9, ఇసుక రేణువు 7. అంచేత ఇసుక వీటిని అరగదీయడం కష్టం. చెడేది వాటి వెనకాల ఒత్తి పట్టుకునే రబ్బరు రింగు, లేదా ట్యాంకు కడిగిన రోజు కొట్టుకొచ్చి బిళ్ళల మధ్య ఇరుక్కున్న ఏ నలుసో. అలాంటప్పుడు కొత్తది కొనక్కర లేకుండా విప్పి కడిగి పెట్టినా ఆగిపోవచ్చు. ఈ రకాన్ని గట్టిగా బిగించడమంటే ఇంకా అన్యాయం. పావు తిప్పు తర్వాత లోపల దిగడానికి ఏమీ లేదు. ఆపైన పెట్టే బలమంతా ఆగిపోయే చోట ఉన్న చిన్న అడ్డు మీద పడి, ఒకరోజు అది విరుగుతుంది.

పాత రకానికి వాషరు ఒక్కటీ మారిస్తే సరిపోయేది. దీనికి మొత్తం కార్ట్రిడ్జి. మర్యాద పూర్తిగా పోలేదు గాని, ఖరీదు పెరిగింది. అదీగాక కంపెనీకో కొలత పెట్టుకున్నారు. మా నాన్న హవాయి చెప్పు ఇక్కడ పనికిరాదు.

బిగించేటప్పుడు తెల్ల టేపు. కుళాయి మొత్తం ఊడదీస్తేనే దీని అవసరం, స్పిండిలుకి అక్కర లేదు. మర కొస మన వైపు ఉంచుకుని గడియారం ముల్లు తిరిగే వైపే చుట్టాలి. ఎదురు చుడితే బిగించేటప్పుడు టేపు మడతలుపడి బయటికొచ్చేస్తుంది. ఒకప్పుడు ఈ పనికి నార చుట్టి సఫేదా పూసేవాళ్ళు. ఆ వాసన తెలిసిన ప్లంబర్లు ఇప్పటికీ టేపుని కొంచెం చిన్నచూపు చూస్తారు. ఆఖర్న డాబా మీద వాల్వు మెల్లిగా తెరవాలి. దానికి ముందు కుళాయి మూతి దగ్గరుండే నురగ జాలీ తిప్పి తీసెయ్యాలి, లేకపోతే పైపులో కదిలిన చెత్తంతా వచ్చి అందులో కూర్చుంటుంది. ముందు గాలి తుమ్ములు, తర్వాత కాస్త ఎర్రమట్టి నీళ్ళు, తర్వాత మామూలు ధార.

మా భవనంలో ఇంజనీరు లేని ఫ్లాటు లేదు. కొన్నిట్లో ఇద్దరేసి. ఎంసెట్ ర్యాంకులు వచ్చిన ఏడాది గోడ మీద ఫొటోలు పెట్టుకున్న ఇళ్ళు. బెర్నూలీ సూత్రం మూడు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళు, మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్లో స్థిరపడ్డవాళ్ళు. వీళ్ళల్లో పానా ఉన్న ఇల్లు నాకు తెలిసి ఒక్కటీ లేదు. తెలియక కాదు, రాక కాదు. చదువుకున్నదే ఇలాంటి పనులు చెయ్యకుండా ఉండటానికి అనే నమ్మకం మనది. పానా పట్టుకుంటే ఒకటి రెండు తరాల చదువు వెనక్కి పోతుందేమోనని లోపల ఎక్కడో భయం. అదే కుర్రాళ్ళు టెక్సాస్ వెళ్ళాక శనివారం పొద్దున్నే హోమ్ డిపోలో బండి తోసుకుంటూ కనిపిస్తారు. అక్కడ ప్లంబరు గుమ్మంలోకి వస్తేనే బిల్లు మొదలవుతుంది గదా. భయం ఖండాంతరాలు దాటదన్నమాట, డాలరు దాటుతుంది.

ప్లంబర్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. మా వీధుల్లో ఈ పని చేసేవాళ్ళు చాలామంది ఒడియావాళ్ళు. ఒడిశాలో కేంద్రపడా జిల్లా, అందులోనూ పట్టాముండై చుట్టుపక్కల ఊళ్ళ నుంచి తరతరాలుగా మగవాళ్ళు ఈ పని మీద దేశమంతా తిరుగుతున్నారు. ఢిల్లీ, ముంబయి, బెంగళూరు, ఎక్కడ బహుళ అంతస్తులు లేస్తే అక్కడ. పట్టాముండైలో ఈ విద్య నేర్పే ప్రభుత్వ సంస్థ కూడా ఉంది. మా దగ్గరికొచ్చే అతను గోడ మీద అరచెయ్యి ఆనించి, కాసేపు కళ్ళు మూసుకుని, పైపు ఎటు నుంచి ఎటు పోతోందో చెప్పేస్తాడు. అలాంటివాణ్ణి వాషరు కోసం పిలిస్తే రావడానికీ పోవడానికీ అరపూట ట్రాఫిక్కు, చేతికొచ్చేది బండి పెట్రోలుకి చాలదు. అందుకే రేపంటాడు. అందుకే వచ్చినరోజు "మొత్తం మార్చేద్దాం మేడం" అంటాడు. వాషర్లు మనం మార్చుకుంటే అతనికి మిగిలేది అతని విద్యకి తగ్గ పని.

చుక్కల లెక్క ఒకటి చెప్పుకోవాలి, అందరూ చెబుతారు కనక. సెకనుకి ఒక చుక్క అనుకుంటే రోజుకి 86,400. ఆసుపత్రి సెలైను గొట్టంలో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. ఆ లెక్కన రోజుకి నాలుగు లీటర్ల పైచిలుకు. కుళాయి చుక్క లావు, కనక ఎక్కువే ఉంటుంది. ఎంత ఎక్కువన్న దాంట్లో ఒక్కొక్కరిది ఒక్కో అంకె. నా మటుకు నేను అంకెలు నమ్మను, రాత్రి పడుకునేముందు కింద గిన్నె పెడతాను. పొద్దున అది ఎంత నిండిందో అదే ఆ కుళాయి లెక్క.

కానీ ఆ గిన్నెలోని నీళ్ళు ఎక్కడివి? హైదరాబాదుకి ఒకప్పుడు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ సరిపోయేవి. తర్వాత మంజీరా వచ్చింది. 2004 నుంచి కృష్ణ. నాగార్జునసాగర్ నిండా ఉంటే నీటిమట్టం 590 అడుగులు, అంటే దాదాపు 180 మీటర్లు. హైదరాబాదు ఉన్నది సముద్రమట్టానికి 500 మీటర్ల పైన. నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరం, మూడు వందల మీటర్లకి మించిన ఎత్తు, పంపుల మీద పంపులు పెట్టి తోడి తెచ్చిన నీళ్ళు ఇంటి సంపులో పడతాయి. మళ్ళీ మన మోటారు వేసుకుని డాబా ఎక్కిస్తాం. అంత ఎత్తు ఎక్కొచ్చి, ఆఖరి మూడడుగుల్లో వాషరు లేక సింకులోకి జారిపోవడం. 2021 జనవరి నుంచి నగరంలో ఇంటికి నెలకి 20,000 లీటర్ల దాకా ఉచితం కూడా. మంచిదే. కానీ బిల్లు రాని నీటికి చప్పుడు కూడా తగ్గిపోతుందని గమనించాను. మార్చిలో వినబడని కుళాయి, మే నెలలో ట్యాంకరు కోసం వరసలో నిలబడినప్పుడు వినబడుతుంది.

రచయితలు చేతిపనికి కొరగారని ఎవరైనా అంటే నేను చెప్పే పేరు ఒకటుంది, ఆబిద్ సుర్తీ. 1935లో పుట్టాడు. గుజరాతీలో, హిందీలో నవలలూ కథలూ రాశాడు, కార్టూన్లు వేశాడు. ఇంద్రజాల్ కామిక్స్ చదివినవాళ్ళకి బహదూర్ గుర్తుంటాడు, ఆ పాత్రని పుట్టించింది ఈయనే. ముంబయిలో బకెట్టు నీళ్ళ కోసం వరసల్లో కొట్లాడుకునే బతుకుల మధ్య పెరిగినవాడు. స్నేహితుడి ఇంట్లో కారుతున్న కుళాయిని చూస్తూ ఊరుకోలేకపోయాడు. సాహిత్యానికి వచ్చిన లక్ష రూపాయల బహుమతిని పెట్టుబడిగా పెట్టి 2007లో డ్రాప్ డెడ్ ఫౌండేషన్ మొదలుపెట్టాడు. ఫౌండేషన్ అంటే ఆయన, ఒక ప్లంబరు, ఒక మహిళా కార్యకర్త. ఆవిడ ఎందుకంటే, ఆదివారం పొద్దున ముక్కూమొహం తెలియని ఇద్దరు మగాళ్ళు వచ్చి మీ కుళాయి చూస్తామంటే ఎవరు తలుపు తీస్తారు? మీరా రోడ్డులో ఒక్కో భవనమే ఎక్కుతూ, డబ్బు తీసుకోకుండా బాగుచేసుకుంటూ పోయారు. మొదటి ఏడాది తిరిగిన ఇళ్ళు 1,666, ఆపిన కుళాయిలు 414. నాలుగిళ్ళకి ఒకటి చొప్పున కారుతున్నాయన్నమాట. ఈ అంకెలో నన్ను ఆపేది నీళ్ళ లెక్క కాదు. ఆ ఇళ్ళవాళ్ళకీ తమ కుళాయి కారుతోందని తెలుసు. తలుపు కొట్టి ఎవరో రావలసి వచ్చింది.

ఇక షవరు. దీని గురించి ముందు చెప్పాల్సింది, కారే షవర్లన్నీ కారుతున్నట్టు కాదు. కట్టేశాక కూడా ఆ తలకాయలోనూ వంపు గొట్టంలోనూ కాసిని నీళ్ళు మిగిలిపోతాయి. సన్నటి బెజ్జాల దగ్గర తలతన్యత వాటిని పట్టి ఉంచుతుంది. ఎక్కడో కాస్త గాలి దూరగానే ధడాల్న నాలుగు చుక్కలు రాలతాయి. అర్ధరాత్రి ఖాళీ స్నానాలగదిలో ఆ చప్పుడుకి ఉలిక్కిపడి లేచిన ఇళ్ళున్నాయి. అది జబ్బు కాదు. రాత్రి ఎవరూ వాడకుండా ఉంటే, పొద్దున నేల పొడిగా ఉందా తడిగా ఉందా అనేదే పరీక్ష. నేల తడిగా ఉంటే వాల్వు. వేడినీళ్ళ వైపుదా చన్నీళ్ళదా అంటే, గీజరుకి నీళ్ళు వెళ్ళే యాంగిల్ వాల్వు ఒక రాత్రి కట్టేసి చూడండి. చుక్క ఆగితే దోషం వేడి వైపుది. ఎక్కువగా అదే అవుతుంది, వేడికి రబ్బరు తొందరగా గట్టిపడుతుంది. బయటికి కనబడే వాల్ మిక్సరయితే సింకు కుళాయికి చేసినట్టే చేసుకోవచ్చు. ధార తగ్గిందంటే వాల్వు జోలికే పోనక్కర లేదు. నిమ్మ ఉప్పు నీళ్ళు పాలిథిన్ సంచిలో పోసి, షవరు తలకాయ మునిగేట్టు రబ్బరు బ్యాండుతో కట్టి వదిలేస్తే చాలు.

గోడలో దాచిన వాల్వుల దగ్గరే నాకు అసలు పేచీ. వీటిని కన్సీల్డ్ అంటారు. పైకి ఒక మెరిసే పళ్ళెం, దాని మీద ఒక పిడి. యంత్రమంతా టైల్సు వెనక సిమెంటులో. చూడటానికి శుభ్రంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. ఒకే పిడితో వేడీ చల్లా కలుపుకోవడం సుఖమే. అమెరికాలో ఆల్ఫ్రెడ్ మోయెన్ అనే విద్యార్థి 1937లో రెండు పిడుల కుళాయి దగ్గర చెయ్యి కాల్చుకుని, ఒకే పిడితో నడిచే కుళాయి మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు. 1947లో అది అమ్మకానికి వచ్చింది. అంత కష్టపడి చేసినదాన్ని నేనేం కాదనను. పళ్ళెం తీసి కార్ట్రిడ్జి మార్చుకునే వీలు ఉన్నంతవరకు అదీ మర్యాదగల వస్తువే. చిక్కు ఎక్కడొస్తుందంటే, లోపలి జాయింటు కారినప్పుడు. అప్పుడు చుక్క మన బాత్రూములో పడదు. గోడ అవతల పడగ్గదిలో పెయింటు పొక్కుతుంది, లేదా కింది ఫ్లాటువాళ్ళు ఫొటో తీసి వాట్సాపులో పెడతారు. ఆ పని నేను ముట్టుకోను. అరచేత్తో గోడని వినగలిగే మనిషిని పిలుస్తాను, ఆ రోజు అతను అడిగినంతా ఇస్తాను. టైలు పగలకొట్టాలి, అలాంటి టైలు ఇప్పుడు దొరకదు, రంగు కలవని ముక్క ఒకటి ఆ గోడకి బొట్టులా ఉండిపోతుంది. కొత్తగా ఇల్లు కట్టించుకునేవాళ్ళకి నేను పనిగట్టుకుని చెప్పేవి రెండే. టైల్సు వెయ్యకముందు పైపులున్న గోడల్ని ఫొటోలు తీసి దాచుకోండి. ప్రతి రకం టైల్సూ ఒక పెట్టె అటక మీద పడెయ్యండి. బిల్డరు చూపించే క్యాటలాగులో ఈ రెండూ ఉండవు.

పై ఫ్లాటులో ఒక పెద్దావిడ ఉంటారు, నేను పిన్నిగారూ అంటాను. వాళ్ళబ్బాయి టెక్సాసులోనే. తన ఇంట్లో షవరు కార్ట్రిడ్జి తనే లాగి మార్చుకున్నానని ఆ వీడియో తల్లికి పంపాడట. ఆవిడ అది నాకు చూపించి, "వాడు ఇక్కడున్నన్నాళ్ళు బల్బు కూడా మార్చలేదమ్మా" అన్నారు. ఆ తర్వాత వారం వాళ్ళ వాష్‌బేసిను కుళాయి కారింది. అబ్బాయి వీడియో కాల్‌లో, అక్కడ అర్ధరాత్రి, "అమ్మా, ముందు మెయిన్ ఎక్కడుందో చూడు" అన్నాడు. ఆవిడ "నేను కట్టేసే ఫోను చేశాలే, డాబా మీద నంబరు రాసి ఉంది. తర్వాత సంగతి చెప్పు" అన్నారు. నా స్క్రూ పానా ఆవిడ చేతిలో ఉంది. కుళాయి ఒంటిని ఒక చేత్తో పట్టుకోమని నేను చెప్పేలోపే పట్టుకున్నారు. అరవై ఏళ్ళుగా గ్రైండర్లూ, కుక్కర్లూ, స్టవ్వు బర్నర్లూ విప్పి కడిగి బిగించిన చేతులు మరి.

పానా అడగడానికి నిన్న పిన్నిగారింటికి వెళితే, అది రెండో అంతస్తుకి వెళ్ళిందన్నారు. రెండో అంతస్తువాళ్ళు వాచ్‌మన్ భార్య తీసుకెళ్ళిందన్నారు, సంపు దగ్గర కుళాయి కోసం. వాచ్‌మన్ గదికి తాళం. హార్డ్‌వేర్ కొట్టుకే పోయి ఇంకోటి అడిగాను. కుర్రాడు పన్నెండంగుళాలది తీసి, మళ్ళీ లోపల పెట్టేసి, "ఇండ్ల పనికి ఎనిమిది ఇంచులది సాలక్కా, పెద్దది పట్టుకుంటే బలం పెట్టబుద్ధయితది" అన్నాడు. పాత స్పిండిలు ఏదైనా తెచ్చారా అని కూడా అడిగాడు.